‘వరి’ అని కొడితే సున్నా!

బీటెక్‌లో మా లైబ్రరీకి సెర్చ్ ప్రోగ్రామ్ రాశాను. జూనియర్ ఒకడు ‘వరి’ అని కొట్టాడు. రిజల్ట్స్ సున్నా. పుస్తకాలేమో ‘రైస్’, ‘ప్యాడీ’ పేర్లతో ర్యాక్‌లోనే ఉన్నాయి! వాడు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. భలే సిగ్గేసింది.

తప్పు నాదే. 1876లో వచ్చిన డ్యూయీ పద్ధతిలో వరి సాగు పుస్తకం ఏ భాషలో ఉన్నా నంబర్ 633.18. అట్ట మీద లేబుల్‌లో ఉన్నదాన్ని నేను పట్టించుకోలేదు. చివరి 8 తీసేసి వెతికితే ధాన్యపు పంటలన్నీ వస్తాయి. అన్నం వండటం మాత్రం వంటల్లోకి పోయి 641.6318 అవుతుంది. చివర్లో అదే 318, చూశారా?

కోడ్ రాసేవాళ్లూ, దీన్ని లెక్కల నంబర్‌లా కాదు, టెక్స్ట్‌లా దాచండి. అప్పుడే మొదటి అంకెలతో వెతకొచ్చు. నేను ఆ రాత్రే మూడు పేర్లనీ 633.18కి కట్టేశాను. మర్నాడు వాణ్ణి పిలిచి మళ్లీ కొట్టించాను.