పింఛను: దానమా, హక్కా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తేదీనే మనం ఏటా ఈ సభ జరుపుకుంటున్నాం. సంతోషం. అయితే సభ ముగిసి టీ తాగేటప్పుడు, వీధి చివరి ముసలమ్మకు వచ్చే వృద్ధాప్య పింఛను గురించి మనలోనే కొందరు "ఊరికే పంచిపెడుతున్నారండీ" అంటారు. ఆమె యాభై ఏళ్లు నాట్లు వేసింది, కలుపు తీసింది. ఆమెకు సర్వీసు రిజిస్టరు లేదు, అంతే తేడా.

నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరినవాణ్ణి. అర్జీ పట్టుకొని వచ్చిన మనిషి చేతులు కట్టుకొని నిలబడడం ఎన్నోసార్లు చూశాను. దాత గుమ్మంలో అలా నిలబడితే అర్థం ఉంది. కచేరీలో ఎందుకు నిలబడాలి?

దానధర్మాలను నేను తక్కువ చేయడం లేదు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళకాని వేళ వచ్చినవారికి సైతం వండి వడ్డించారు. ఏ సర్కారు అలా పెట్టగలదు? కాని గుమ్మం దాకా నడిచి రాలేనివాడి సంగతేమిటి? ఆ సీమకు నీరిచ్చిన ధవళేశ్వరం ఆనకట్ట, 1852లో పూర్తయినది, ఏ ఒక్క దాత వల్లా అయ్యేది కాదు. వైనతేయ గోదావరి మీద కట్టిన కొత్త అక్విడెక్టుకు సీతమ్మగారి పేరు పెట్టారు. నాకది ఎంతో నచ్చిన సంగతి.

1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను ప్రారంభించినప్పుడు నెలకు 75 రూపాయలు. ఎనభై ఏళ్లలోపువారికి కేంద్రం వాటా నేటికీ 200 దాటలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 అందుతున్నదంటే మిగతాది రాష్ట్ర ఖజానాదే. మనకు పెరగాలంటే ధరలు పెరిగితే చాలు, కరువు భత్యం వస్తుంది. ఆమెకు పెరగాలంటే ఎన్నికలు రావాలి!

మన సంఘం దుప్పట్లు పంచుతున్నది, పంచుదాం. కాని మనకు బాగా వచ్చిన విద్య కాగితం. ఆధార్‌లో వయసు తప్పు పడినవారు, వేలిముద్ర పడనివారు, భర్త మరణ ధ్రువపత్రం లేని వితంతువులు ఎందరో ఉన్నారు. వారికి అర్జీ రాసిపెట్టి, వెంట వెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించగలం. శనివారం ఉదయం సంఘం గది ఖాళీగానే ఉంటుంది. తాళంచెవి కార్యదర్శిగారి దగ్గరున్నది. వచ్చే శనివారం పదింటికి నేను వస్తాను. మరొకరు తోడు రావాలి.