ఎర్ర కారులో ఇద్దరు

2021లో వచ్చిన జపాన్ సినిమా ‘డ్రైవ్ మై కార్’ గురించి నాలుగు మాటలు. హారుకి మురాకామి కథ ఆధారంగా ర్యూసుకె హమగుచి తీశారు. ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా ఆస్కార్ అందుకుంది.

నాటక దర్శకుడు కఫుకు భార్యను పోగొట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత చెహోవ్ నాటకం ‘అంకుల్ వాన్యా’ ఆడించడానికి హిరోషిమా వెళ్తాడు. అక్కడ అతని కారు నడపడానికి మిసాకి అనే 23 ఏళ్ల అమ్మాయిని పెడతారు. ఇద్దరూ మితభాషులే. కారులో మాట్లాడేది క్యాసెట్టు! పోయిన భార్య గొంతు అందులో నాటకం చదువుతుంటుంది. ఆమె ఆగిన చోటల్లా అతను తన సంభాషణ అందుకుంటాడు. అక్కడే నా గుండె బరువెక్కింది.

భార్య పోయిన రాత్రి కాస్త ముందే ఇంటికొచ్చుంటే ఆమె బతికేదేమోనని అతని బాధ. కొండచరియ పడి ఇల్లు కూలినప్పుడు తల్లిని కాపాడలేదని మిసాకి బాధ. ఈ మాటలు పైకి రావడానికి సినిమా దాదాపు మూడు గంటలు తీసుకుంటుంది. నాకైతే ఒక్క నిమిషం కూడా ఎక్కువనిపించలేదు. చివరికి ఇద్దరూ మంచు కప్పిన హొక్కైడోకి, ఆ కూలిన ఇంటి దగ్గరికే వెళ్తారు.

ఒక్క దృశ్యం మాత్రం తప్పక చూడండి. రాత్రివేళ నడుస్తున్న కారు పైకప్పులోంచి రెండు చేతులు, రెండు సిగరెట్లు పైకి లేస్తాయి. మాటల్లేవు.