గంటా పావు ప్రయాణం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో సగం కాలం నేను టి.ఎ. బిల్లులు చూసినవాణ్ణి. దగ్గరి దారి వదిలి చుట్టుదారిన వెళ్లిన వారి బిల్లు నిర్దాక్షిణ్యంగా కోసేవాణ్ణి. నా చేత కోత పడినవారు ఈ సభలోనూ ఉన్నారు, మన్నించాలి. అలాంటి నేను 2017 జనవరిలో చేసిన ప్రయాణం గురించి మనవి చేస్తాను.

విశాఖలో మా అన్నయ్య పోయాడని మధ్యాహ్నం మూడింటికి ఫోను వచ్చింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి "నాన్నా, రైలెందుకు? పొద్దున ఎనిమిదింటికి విమానం ఉంది, గంటా పావులో దిగుతావు" అన్నాడు. సరేనన్నాను. రాత్రి పదకొండింటికి అద్దె కారులో బయలుదేరి, తెల్లవారుజామున శంషాబాదు చేరాను. పొగమంచు వల్ల విమానం రెండున్నర గంటలు ఆలస్యమైంది. ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. "పదకొండు దాకా చూశాం బాబాయ్" అన్నాడు మా అన్నయ్య కొడుకు. అప్పటికే అంతా అయిపోయింది.

తిరిగి వచ్చాక మనవడి అట్లాసు, స్కేలు తీసుకుని కూర్చున్నాను. శంషాబాదు నుండి విశాఖ విమానాశ్రయానికి గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. ఆ గీత ఎక్కడి మీదుగా పోతుందనుకున్నారు? మన కొత్తగూడెం పక్కనుంచే! నేరుగా కొలిస్తే మన ఊరి నుండి శంషాబాదు 235, విశాఖ 277. అంటే తూర్పున ఉన్న ఊరికి పోవడానికి రాత్రంతా పడమటికి ప్రయాణించి, మళ్లీ మా ఇంటి దరిదాపుల మీదుగానే ఎగిరి వెళ్లానన్నమాట. ఈ బిల్లు నా బల్ల మీదికి వస్తే ఏం చేసేవాణ్ణో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది గదా, 510కి నలభై నిమిషాలు చాలవా అని అడుగుతారు. టిక్కెట్టు మీది సమయం నిలిచిన చోటు నుండి కదిలింది మొదలు అవతల ఆగేదాకా వేసే లెక్క. నేల మీద నడక, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం తిరగడం అన్నీ అందులోనే. మన గుమ్మం నుండి విమానం దాకా పట్టే కాలం మాత్రం అందులో ఉండదు. విమానాశ్రయం పేరు చూసి ఊరనుకోవడమూ పొరపాటే: విజయవాడది గన్నవరంలో, రాజమండ్రిది మధురపూడిలో. మనకిది కొత్త కాదు లెండి. మన స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరుంటే, ఇక్కడ దిగి రాములవారి గుడి ఏదీ అని అడిగేవారికి ఇంకా నలభై కిలోమీటర్లని చెప్పడం లేదూ?

ఆ సాయంత్రమే ఖమ్మం వెళ్లి గోదావరి ఎక్స్‌ప్రెస్ అందుకుంటే తెల్లవారేసరికి విశాఖలో ఉండేవాణ్ణి. రైలు మాత్రం ఆలస్యం కాదా అంటారు. అవుతుంది. రెండున్నర గంటలు ఆలస్యమైనా అన్నయ్య ముఖం చూసేవాణ్ణి. మా అబ్బాయిని ఏమీ అనలేదు, వాడు నా మోకాళ్ల గురించి ఆలోచించాడు. లెక్క చూసుకోవలసింది నేను.

ఇంటి గుమ్మం నుండి అవతలి గుమ్మం దాకా బయలుదేరే గంట, చేరే గంట వేసుకునేందుకు పాత టి.ఎ. ఫారం పద్ధతిలో ఒక కాగితం గీశాను. నకళ్లు కార్యదర్శి గారి వద్ద ఉన్నాయి.