లారీ ప్రమాదమునకు పిమ్మట
(పఠనమందిరమున గావింపబడిన ఉపన్యాసపాఠము)



2024 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలమున జీడిపిక్కల బస్తాలతో పోవుచుండిన చిన్నలారీ బోల్తాపడి, అందున్న ఏడుగురు కూలీలు మరణించిరి. ఆ ఘోరమునకు కారకులెవరో నిర్ణయించుట నా పని కాదు. అట్టి దుఃఖము వచ్చిన యింట మరునాడు ఏమి జరుగవలయునో చెప్పుటకు వచ్చితిని.

సాధారణముగా ఏమి జరుగుచున్నది? చితి ఆరకమునుపే వాహనపు యజమాని పక్షమువారు ఖర్చులకని కొంత సొమ్ము చేతబెట్టి, చదువురాని ఇల్లాలిచేత కాగితముమీద వ్రేలిముద్ర వేయింతురు. "పోయినవాడు తిరిగి వచ్చునా?" అని పెద్దమనుష్యులు రాజీ చెప్పుదురు. పోయినవాడు రాడు, నిజమే. కాని వాని రెక్కల కష్టముతో పెరుగవలసిన బిడ్డలున్నారు గదా! ఇట్టి వ్యాజ్యములు అనేకము కోర్టులో గాక, మొదటి పది దినములలో వీధి అరుగుమీదనే ఓడిపోవుచున్నవి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద పరిహారము కోరువారు చోదకుని అజాగ్రత్తను నిరూపింపవలయును. అయినను హత్యానేరమునందువలె సందేహమునకు తావులేని రుజువు అక్కరలేదు. న్యాయాధిపతి మనస్సునకు ఏ పక్షము కథ హెచ్చు సంభవమని తోచునో అదియే చాలునని 2009లో బిమ్లాదేవి కేసున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. చోదకుడు క్రిమినలు కోర్టులో విడుదలయైనంత మాత్రమున పరిహారపు హక్కు పోదని 1980లోనే ఆ కోర్టు తెలిపియున్నది.

అయితే ఆ కొద్దిపాటి రుజువైనను ఉండవలయును గదా! సాక్ష్యము రోడ్డుమీద పడియుండును. ఒక్క వాన కురిసిన కొట్టుకొనిపోవును. చక్రముల జాడలకును, లారీ నిలిచిన తీరునకును ఛాయాచిత్రములు తీయుడు. రాత్రివేళ నిలిపియున్న లారీ యైనచో వెనుక దీపము వెలుగుచుండెనా యని చూచినవారి పేర్లు వ్రాసికొనుడు. బరువు తెలుపు కాటా చీటీ, పోలీసుల పటము, వాహన తనిఖీ అధికారి నివేదిక, లైసెన్సు, బీమా పత్రము — వీని ప్రతులు సంపాదింపుడు. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా పొందుటకు ఫిర్యాదికిని బాధితునికిని హక్కు కలదు.

ఆ నివేదికలోని ఒక్క మాట మిక్కిలి ముఖ్యమైనది. మృతుడు లారీలో ఏ హోదాతో నుండెను? సరకు బండిలో ఊరకే ఎక్కినవానికి బీమా కంపెనీ బాధ్యత వహింపదని 2002లో ఆశారాణి కేసున సుప్రీముకోర్టు నిర్ణయించినది. సరకుదారుడు గాని, వాని ప్రతినిధి గాని యైనచో 1994 సవరణ ననుసరించి బీమా వర్తించును. లారీ యజమాని నియమించిన ఎగుమతి దిగుమతి కూలీ యైనచో 1923 నాటి ఉద్యోగుల పరిహారపు చట్టము కలదు. అందు చోదకుని తప్పు నిరూపింప నక్కరయే లేదు. కాని రెండు చట్టములలో ఒకదానినే ఎన్నుకొనవలయును. అసత్యము చెప్పుడని నేననుట లేదు. కూలికి పోయినవానిని "దారిలో ఎక్కినాడు" అని ఎవరో వ్రాయించినచో ఊరకుండవలదని మాత్రమే చెప్పుచున్నాను.

తప్పుతో నిమిత్తము లేకయే మరణమునకు 5 లక్షల రూపాయలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు ఇప్పించు 164వ సెక్షను 2022 ఏప్రిలు 1 నుండి అమలులో నున్నది. దానిని తొందరపడి అంగీకరించినచో ట్రిబ్యునలులోని దావా రద్దగును. కావున ముందుగా వకీలు నడుగుడు. గుద్ది పారిపోయిన బండి దొరకనిచో మృతుని కుటుంబమునకు 2 లక్షలు లభించును. సవరించిన చట్టము ఆరు నెలల గడువు పెట్టినది. గావున జాగు చేయరాదు. ప్రమాదస్థలమునందే గాక, తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులో సైతము అర్జీ పెట్టుకొనవచ్చును.

వకీలునకు సొమ్మెక్కడిదందురా? 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకు, బిడ్డలకు, షెడ్యూల్డు కులముల వారికి, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు నిచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ చాలును.

ఆ అర్జీ వ్రాయువారెవరు? ప్రతిదినము ఇచట పత్రికలు చదువుచున్న మీరే. వ్రేలిముద్ర పడకముందు ఆ కాగితమును పైకి చదివి వినిపించుటకు ఊరికొక్కడు ముందునకు వచ్చినచో, ఆ యింటి బిడ్డల హక్కు నిలుచును.