గాలి తోడే పంపు వేడెక్కితే
(పార్సిప్పనీ తెలుగు తరగతి విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి సైకిళ్లు ఉన్నాయి. చక్రానికి గాలి కొట్టిన వెంటనే పంపు అడుగుభాగాన్ని ముట్టుకొని చూశారా? చురుక్కుమంటుంది. అక్కడ నిప్పు లేదు, ఎండ లేదు. మరి వేడి ఎక్కడ నుండి వచ్చింది? గాలిని బలవంతంగా చిన్న చోటులోకి అణిచారు. అలా అణిచిన గాలి వేడెక్కుతుంది. పంపు లోపలి రాపిడి మరికొంత వేడిని కలుపుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఈ రోజు నేను చెప్పబోయే పెద్ద యంత్రాల కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

మన పార్సిప్పనీ నుండి తూర్పుగా బయలుదేరి, న్యూయార్కు నగరం దాటి, లాంగ్ ఐలాండ్ మీద చాలాదూరం పోతే అప్టన్ అనే చోటు వస్తుంది. అక్కడ 1947లో స్థాపించిన బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల ఉంది. కంటికి కనిపించని కణాలను మహావేగంతో పరుగెత్తించే యంత్రాలకు ఈ ప్రయోగశాల పేరుపొందింది. వాటిని కణ త్వరణ యంత్రాలు అంటారు. 1952లో అక్కడ కాస్మోట్రాన్ పనిచేయడం మొదలుపెట్టింది. 1960లో దానికంటె పెద్దది వచ్చింది. 2000లో రిక్ అనే యంత్రం మొదలయింది. 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయంలో బంగారపు పరమాణువుల కేంద్రకాలను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించారు. అదే ఆవరణలో 792 మీటర్ల చుట్టుకొలత గల మరొక వలయంలో ఎలక్ట్రాన్లు తిరుగుతాయి. అవి మలుపు తిరిగేటప్పుడు తీక్షణమైన ఎక్స్ కిరణాలు వెలువడతాయి. ఆ కిరణాలను గొట్టాల ద్వారా ప్రయోగ గదులలోకి తెస్తారు. ఈ గొట్టాలనే పుంజమార్గాలు అనవచ్చు. ఆ వెలుగులో మందులు తయారుచేసేవారు, కొత్త బ్యాటరీలు చేసేవారు తమ పదార్థాల లోపలి నిర్మాణాన్ని చూసుకొంటారు.

కణం పోయే గొట్టంలో గాలి ఉండకూడదు. ఎందుకు? జాతరలో జనం కిటకిటలాడుతున్నప్పుడు వీధి ఈ చివర నుండి ఆ చివరకు పరుగెత్తమంటే మీరు పరుగెత్తగలరా? నాలుగడుగులకొకరు తగులుతారు. గాలిలో రద్దీ జాతర కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. చక్కెర పలుకంత కాదు, ఒక చిన్న పాచిక అంత చోటు, అంటే ఒక ఘన సెంటీమీటరు గాలిలో, సుమారు 2.5 లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. ఒక గాలి అణువు మరొకదానిని ఢీకొనకుండా పోగలిగే దూరం మిల్లీమీటరులో పదిహేను వేలవ వంతు మాత్రమే! అందుచేత గొట్టంలోని గాలిని తోడివేస్తారు. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో 27 కిలోమీటర్ల వలయం ఉంది. అందులో గాలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో పది లక్షల కోట్లవ వంతు. అంతగా తోడినా ఘన సెంటీమీటరుకు ఇంకా దాదాపు 25 లక్షల అణువులు మిగిలే ఉంటాయి. పూర్తి శూన్యం అనేది మనిషి చేతికి ఇంకా చిక్కలేదు.

ఈ తోడే విద్యలో మన న్యూజెర్సీకి పాత సంబంధమే ఉంది. థామస్ ఆల్వా ఎడిసన్ 1879లో మెన్లో పార్కులో విద్యుద్దీపం తయారుచేసినప్పుడు ఆయనకు అడ్డుపడినది గాలే. గాజు బుడ్డిలో కాస్త గాలి మిగిలినా లోపలి బొగ్గుపోగు కాలిపోయేది. పాదరసపు బొట్లు గొట్టంలో పడుతూ తమతో గాలిని లాక్కుపోయే స్ప్రెంగెల్ పంపును ఆయన వాడాడు. మరొక కిటుకును కూడా ఆయన కనిపెట్టాడు. పోగును వేడిచేస్తూ గాలి తోడితే, పోగులో దాగిన వాయువులు కూడా బయటకు వచ్చి పోతాయి. దీనిని మరచిపోకండి, చివరలో మళ్లీ పని ఉంది. ఆ మెన్లో పార్కు నేడు ఎడిసన్ పట్టణంలోనే ఉన్నది. మీ చుట్టాలు కొందరు అక్కడే ఉండవచ్చు!

ఇప్పుడు పంపుల సంగతికి వద్దాం. ఒక్క పంపుతో ఈ పని జరగదు. మొదట నూనె పోసిన తిరుగుడు పంపు, లేదా నూనె లేని పంపు, గొట్టంలోని గాలిలో ఎక్కువ భాగాన్ని తోడివేస్తుంది. తరువాత టర్బో పంపు అందుకొంటుంది. దానిలో పలుచని లోహపు రేకులు నిమిషానికి కొన్ని పదులవేల సార్లు తిరుగుతాయి. తమలోకి వచ్చిపడిన అణువును బంతిని కొట్టినట్లు బయటివైపు కొడతాయి. ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. శూన్యం బాగా పలుచబడిన తరువాత పంపు దేనినీ పీల్చదు. అణువులు గొట్టం గోడలకు కొట్టుకొంటూ దిక్కుతోచకుండా తిరుగుతూ ఉంటాయి. దారితప్పి పంపు నోటిలోకి వచ్చినదానినే పంపు పట్టుకోగలదు. అందువల్ల పంపును గొట్టానికి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది.

కాని దగ్గరగా పెడితే మరొక చిక్కు వస్తుంది. కణాలను వంచి తిప్పేవి బలమైన అయస్కాంతాలు. టర్బో పంపు రేకులు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. వాటిని అయస్కాంతం లాగదు. కనుక భయం లేదనుకొంటాం. అయితే అయస్కాంత క్షేత్రంలో లోహం తిరిగితే ఆ లోహంలో విద్యుత్తు సుడులు తిరుగుతుంది. రాగి గొట్టంలో చిన్న బలమైన అయస్కాంతాన్ని జారవిడిచి చూడండి. దభీమని పడదు, ఎవరో పట్టుకొని దింపినట్లు మెల్లగా దిగుతుంది. దానిని అడ్డగించేవి ఈ సుడి ప్రవాహాలే. పంపులో అవి రేకులను వేడెక్కిస్తాయి. ఆ వేడి ఎటు పోవాలి? చుట్టూ గాలి లేదు! కాఫీ ఫ్లాస్కు రెండు గోడల మధ్య శూన్యం ఉండబట్టే కదా కాఫీ వేడిగా ఉంటుంది. ఇక్కడ పంపే తన ఫ్లాస్కులో తాను చిక్కుకొన్నది. దాదాపు 120 డిగ్రీల సెంటిగ్రేడు దాటి చాలాసేపు తిరిగితే రేకులు కొద్దికొద్దిగా సాగుతాయి. రేకులకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య ఖాళీ వెంట్రుకవాసి. తగిలితే అంత వేగంలో పంపు ముక్కలవుతుంది. అందుకే కొందరు పంపుకు ఇనుప కవచం తొడుగుతారు, కొందరు దూరంగా జరుపుతారు. జరిపితే తోడడం తగ్గుతుంది. ఎంత దూరమన్నది ప్రతిచోటా లెక్కవేసి తేల్చుకోవలసినదే.

తిరుగుడు పంపు వేడెక్కడానికి కారణాలు ఇంత గొప్పవి కావు. మన ఇళ్లలో యంత్రాలు చెడిపోయే కారణాలే. గాలిపంకా ముందున్న జల్లెడకు దుమ్ము పట్టడం. నూనె తగ్గడం, నల్లబడడం. నీటితో చల్లార్చే పంపు అయితే, నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టినట్లు గొట్టంలో సున్నపు పొర పేరుకోవడం. ఇరుకు పెట్టెలో పంపును బిగించి, అది విడిచిన వేడిగాలినే మళ్లీ అది పీల్చుకొనేలా చేయడం. నూనె వేడెక్కితే పలుచబడుతుంది. పలుచని నూనె సందులను సరిగా మూయలేదు. తోడిన గాలి కొంత వెనక్కు జారుతుంది. పంపు ఇంకా ఎక్కువ పనిచేయాలి, ఇంకా వేడెక్కుతుంది. పైగా వేడి నూనె ఆవిరై, శుభ్రంగా ఉండవలసిన పుంజమార్గం వైపే పాకవచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఒక్కొక్కసారి పంపులో ఏ దోషమూ ఉండదు. గొట్టం అతుకులో ఎక్కడో సన్నని చిల్లి ఉంటుంది. మన పల్లెలలో బావిలో నీరు అడుగంటినా మోటారు ఆపకపోతే ఏమవుతుందో మీ తాతగారిని అడగండి. మోటారు కాలిపోతుంది. అక్కడ నీరు రాక కాలుతుంది, ఇక్కడ గాలి తరగక కాలుతుంది. చిల్లికుండ నింపేవాడికి విశ్రాంతి ఉండదు గదా! ఇటువంటప్పుడు పంపు మార్చినా ప్రయోజనం లేదు. కొత్త పంపు కూడా వేడెక్కుతుంది. చిల్లిని పట్టుకోవడానికి అతుకుల చుట్టూ కాస్త హీలియం వాయువు చల్లుతారు. గొట్టం లోపలి పరికరం హీలియాన్ని గుర్తించిన క్షణంలో చిల్లి ఎక్కడో తెలిసిపోతుంది.

ఇదంతా మన గదిలో జరిగితే మూత తీసి చూడవచ్చు. పుంజం నడుస్తున్నప్పుడు యంత్రం ఉన్న సొరంగంలోకి మనిషి పోరాదు. అక్కడ వికిరణం ఉంటుంది. తలుపులు తాళం వేసి ఉంటాయి. అందుచేత ప్రతి పంపు ఒళ్లు ఎంత వెచ్చగా ఉందో, ఎంత విద్యుత్తు తాగుతున్నదో తీగల ద్వారా అదుపు గదికి తెలుస్తుంది. రాత్రి రెండు గంటలకు ఒక పంపు వేడి పది డిగ్రీలు పెరిగిందని అనుకొందాం. అదుపు గదిలో ఉన్నవారు ఏం చేయాలి? పుంజం ఆపితే, ఎన్నో నెలలు వేచి ఉండి రెండు మూడు రోజుల సమయం దొరికించుకొన్న శాస్త్రజ్ఞుల ప్రయోగం చెడుతుంది. ఆపకపోతే, పంపు తనంతట తాను ఆగిపోతుంది. శూన్యం చెడగానే ఇరువైపులా ద్వారాలు టక్కున మూసుకొంటాయి, పుంజం ఎలాగూ ఆగుతుంది. అప్పుడు మళ్లీ తోడి మునుపటి శూన్యం తెచ్చుకోవడానికి ఒక్కొక్కసారి రోజులు పడుతుంది. వేడికి ఆగిపోయే మీటను కట్టిపడేసి పంపును నడిపించాలనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. అది పనితనం కాదు, జూదం. నన్ను అడిగితే గంటసేపు ఆపి జల్లెడ తుడిచేవాడే పనిమంతుడు.

వేడి ఎంత నష్టం చేయగలదో 2008లో లోకమంతా చూసింది. సెర్న్‌లోని ఆ 27 కిలోమీటర్ల యంత్రం మొదలై తొమ్మిది రోజులే అయింది. సెప్టెంబరు 19న రెండు అయస్కాంతాల మధ్య ఒక తీగ అతుకు సరిగా లేక వేడెక్కి కరిగింది. ఇది పంపు దోషం కాదు, అతుకు దోషం. నిప్పురవ్వ లేచి చల్లని హీలియం బయటకు ఉప్పొంగింది. శుభ్రమైన పుంజపు గొట్టంలోకి మసి చొచ్చుకుపోయింది. 53 అయస్కాంతాలను పైకి తీయవలసి వచ్చింది. గొట్టం లోపలి మసిని ఓపికగా తుడవవలసి వచ్చింది. యంత్రం మళ్లీ నడిచేసరికి 2009 నవంబరు అయింది.

మన హైదరాబాదులో, ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో, అణుశక్తి శాఖవారి పదార్థ విశ్లేషణ కేంద్రం ఒకటి ఉంది. అక్కడ 30 లక్షల వోల్టుల త్వరణ యంత్రం ఉన్నది. కణాలను పదార్థంపై పడేలా చేసి, అందులో ఏ మూలకం ఎంత ఉందో కనుక్కొంటారు. పెద్ద వలయం కాదు, అయినా శూన్యం లేనిదే పనిలేదు. చాలా పంపులకు గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, అంటే మీ లెక్కలో 104 డిగ్రీలు, దాటరాదని తయారుచేసినవారు రాసి ఇస్తారు. మే నెలలో హైదరాబాదు ఎండ ఆ గీత దాటే రోజులు ఉంటాయి. కనుక అటువంటి చోట గదిని చల్లబరచడం సుఖం కోసం కాదు, యంత్రం కోసం. పార్సిప్పనీలో మంచు కురిసే జనవరిలో ఈ బాధ తెలియదు.

ఎడిసన్ కిటుకు గుర్తుందా? శూన్యపు గొట్టాల గోడలలో నీటి తేమ దాగి ఉంటుంది. అది నెలల తరబడి మెల్లగా ఊరుతూ పంపులకు పని పెడుతుంది. అందుకని యంత్రం నడపకముందే గొట్టాలకు వేడి పట్టీలు చుట్టి, వందకు పైగా డిగ్రీలలో రోజుల తరబడి కాస్తారు. తేమ బయటకు వచ్చి పంపులలో పడిపోతుంది. సెర్న్ యంత్రంలో చల్లబరచని భాగాలలో గొట్టం లోపల టైటానియం, జిర్కోనియం, వనేడియం కలిసిన పలుచని పూత పూశారు. ఆ పూతే అణువులను పట్టి ఉంచుతుంది. దానికి మోటారు లేదు, నూనె లేదు, తిరిగే రేకు లేదు. పనిలోకి దించడానికి మాత్రం ముందుగా 200 డిగ్రీల వరకు కాచాలి. కాచేటప్పుడు పక్కనున్న పంపులకు ఆ వేడి సోకకుండా ఒక మనిషి దగ్గరుండి చూసుకోవాలి.