అన్నం పక్కన చోటు: జపాను భోజనం కథ

(పిళ్ళైచావడిలో జరిగిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ సభ పెట్టుకున్నామో ఆయన పదిమందికి వండిపెట్టి బతికిన మనిషి. అందుకే తిండి గురించే మాట్లాడతానన్నాను. జపాను తిండి ఎందుకండీ అని ఒకరిద్దరు అడిగారు. పుదుచ్చేరిలో ఉంటూ అడగాల్సిన ప్రశ్న కాదది. అరవిందాశ్రమం శ్రీమాత 1916 నుంచి నాలుగేళ్లు జపానులో ఉండి, 1920 ఏప్రిల్ 24న ఇక్కడికి తిరిగి వచ్చారు. ఇంకా దగ్గరి చుట్టరికం మరొకటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

జపాను అనగానే మనవాళ్లకు సుషీ గుర్తొస్తుంది. అక్కడి ఇళ్లలో రోజూ తినేది అది కాదు. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో చారు, పక్కన ఊరగాయ, ఒకటో రెండో మూడో కూరలు. ఇదీ వాళ్ల భోజనం. వేపిన చేపో, ఉడికించిన కూరగాయలో, టోఫూనో మారుతుంటాయి కానీ అన్నం, చారు, ఊరగాయ కదలవు. నన్నడిగితే జపాను వంట ప్రాచీనత వంటకాల్లో లేదు, ఈ అమరికలోనే ఉంది. వంటకాలు చాలామటుకు నిన్నమొన్నటివి, అందులోనూ సగం సముద్రం దాటి వచ్చినవి.

ఆ చారు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. చన్నీళ్లలో కొంబు అనే ఎండిన సముద్రపు నాచు ముక్క వేసి సన్న సెగ మీద పెడతారు. నీళ్లు తెర్లబోయే ముందే దాన్ని తీసేయాలి, ఆలస్యమైతే వగరూ జిగురూ దిగుతాయి. తర్వాత కత్సుఒబుషి తురుము గుప్పెడు వేసి, పొయ్యి కట్టేసి, అది మునగగానే వడగడతారు. మొత్తం మీద పావుగంట పని. కత్సుఒబుషి అంటే ట్యూనా జాతి చేపను ఉడికించి, ముళ్లు తీసి, మళ్లీ మళ్లీ పొగబెట్టి ఎండబెట్టింది. మేలు రకానికి బూజు కూడా పట్టిస్తారు. చివరికి అది కొయ్యలా బిగుసుకుపోతుంది. వడ్రంగి చిత్రిక లాంటి పెట్టె మీద గీకితే గానీ తురుము రాలదు. తీరం ఊళ్లో పుట్టినవాళ్లకు ఎండు చేప కొత్త కాదు, కానీ ఇంత గట్టి ఎండు చేపను మీరూ చూసి ఉండరు. ఆ వడగట్టిన నీళ్లే దాషి. అందులో మిసో కలిపితే రోజువారీ చారు. మిసో అంటే ఉడికించిన సోయా గింజల్ని బూజు పట్టించిన బియ్యంతో, ఉప్పుతో కలిపి నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద. 1908లో టోక్యో ప్రొఫెసర్ ఇకెదా కికునాయె ఈ కొంబు రుచి ఎక్కడిదో వెతికి గ్లుటమేట్ అని తేల్చారు. మరుసటేడు అదే అజినొమోతోగా బజారుకెక్కింది. మన నూడుల్స్ బండి మీది తెల్ల పొడి అదే.

ఇక వచ్చినవాటి సంగతి. పిండిలో ముంచి నూనెలో వేపే తెంపురా 16వ శతాబ్దంలో పోర్చుగీసుల వెంట వచ్చింది. రామెన్ చైనా నుంచి. సుషీ మొదట్లో అన్నంలో చేపను నెలల కొద్దీ పులియబెట్టే నిల్వ పద్ధతి. ఆ అన్నం చాలాచోట్ల పారేసేవారు. వెనిగరు కలిపిన అన్నం మీద చేపముక్క పెట్టి అప్పటికప్పుడు అందించే రకం 1820ల నాటి ఎదో (ఇప్పటి టోక్యో) నగరపు వీధి తిండి. 675లో తెన్ము చక్రవర్తి కొన్ని జంతువుల మాంసం నిషేధించాడు. 1872లో మేజీ చక్రవర్తి తానే గొడ్డుమాంసం తిని ఆ పాత పట్టింపు తెంచాడు.

సరిగ్గా ఆ ఏడే అక్కడి వంట పుస్తకాల్లోకి మన కూర ఎక్కింది. మన చేతి మీదుగా కాదు, ఇంగ్లీషువాళ్ల చేతి మీదుగా. ఒక పుస్తకంలోనైతే కోడి, రొయ్యలతో పాటు కప్ప కూడా ఉంది! అదే కాలంలో తెల్లటి పాలిష్ బియ్యం తిన్న నావికులు బెరిబెరితో కూలిపోతున్నారు. 1882–83లో రియూజో ఓడలో 376 మందిలో 169 మందికి జబ్బు చేసి, 25 మంది చనిపోయారు. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో ఓడల్లో తిండి మార్చాక జబ్బు తగ్గింది. బ్రిటిష్ నౌకాదళం వంటకాలు వచ్చి చేరాయి. గోధుమపిండి వెన్నలో వేయించి చిక్కబరిచిన కూర అన్నం మీదికి దిగింది. 1908 నాటి నౌకాదళం వంట పుస్తకంలో కర్రీ రైస్ ఉంది. వాళ్ల ఓడల్లో ఇప్పటికీ శుక్రవారం అదే భోజనం.

ఇప్పుడు ఆ చుట్టరికం. రాస్ బిహారీ బోస్ పెరిగింది చందర్‌నగరులో. అది కూడా పుదుచ్చేరి నుంచి ఏలిన ఫ్రెంచి గడ్డే. 1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజి మీద బాంబు పడ్డ కేసులో తెల్లవాళ్లు వెతుకుతుంటే 1915లో జపాను చేరాడు. అక్కడి ప్రభుత్వమూ వెళ్లగొట్టబోతే షింజుకులో నకమురాయా అనే రొట్టెల దుకాణం నడిపే సోమా దంపతులు దాచారు. వాళ్లమ్మాయి తొషికోను 1918లో పెళ్లాడాడు. ఆమె 1925లో పోయింది. 1927లో ఆ దుకాణంలోనే భోజనశాల తెరిచినప్పుడు ఈ పిండి కూర మన కూర కాదని పట్టుబట్టి ఎముకతో సహా కోడి, పెరుగు, మసాలాలతో వండించాడు. బియ్యం మాత్రం జపానుదే. ధర మామూలు కర్రీకి చాలా రెట్లు. అయినా నిలబడింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. అలాగని పిండి కూర ఓడిపోలేదు. 1968లో సంచిలో వేడిచేసుకునే బోన్ కర్రీ రావడంతో అది మరీ ఇంటిదైపోయింది. ఫ్రెంచి రొట్టె మన ఊళ్లో వందల ఏళ్లుగా ఉంది కానీ టిఫినుకు బేకరీ నుంచి వస్తుంది, అన్నం ఆకులోకి రాదు. జపాను కూర మాత్రం అన్నం పక్కనే కూర్చుంది, ఊరగాయతో సహా.

శాకాహారులకు ఒక మాట. అక్కడ ఉత్త కూరగాయల వంటకంలోనూ దాషి రూపంలో చేప ఉంటుంది, అడిగి తినండి. జెన్ మఠాల వంటలో చేప ఉండదు. కొంబు, ఎండిన షియిటాకె పుట్టగొడుగులు రాత్రి నానబెట్టిన నీళ్లే వాళ్లకు చారు. ఆ నీళ్లతో మన ములక్కాడ చారు కాస్తే ఎలా ఉంటుందో నేను చూడలేదు. మీలో ఎవరైనా కాస్తే నాకూ ఒక గిన్నె ఉంచండి.