పరాయి దేశంలో తెలుగుతనం: ఎవరి భుజాల మీద?

(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో బతకడం వల్ల మనిషి అస్తిత్వ భావన ఎలా మారుతుందన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. కృష్ణా డెల్టాలో ఉన్న మనకిది దూరపు విషయమేమీ కాదు. ఉయ్యూరు, గుడివాడ, కంకిపాడు, ఎటు వెళ్ళినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లూ, తల్లి కువైట్‌లో ఉన్న ఇల్లూ ఒకే ఊళ్ళో కనబడతాయి. ఈ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూద్దామని నా ఉద్దేశం.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువ నీళ్ళ వల్ల వచ్చిన మిగులు, భూమి ఉన్న కులాల చేతికి చేరింది. అది తర్వాతి తరాల్లో చదువుల్లోకి మళ్ళింది. అమెరికా 1965లో వలస చట్టాన్ని మార్చాక ఆ చదువులే డాక్టర్లనూ, ఇంజనీర్లనూ అక్కడికి చేర్చాయి. 1977లో న్యూయార్క్‌లో తానా తొలి మహాసభ జరిగింది. భూమి లేని ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ బాట పట్టారు. బయల్దేరిన చోటే ఇంత తేడా ఉన్నప్పుడు, ‘విదేశాల్లోని తెలుగువారు’ అని అందర్నీ ఒకే మాటతో కలిపేయడం కుదరదు.

నేను పరిశోధన కోసం కొన్నేళ్ళు అమెరికాలో ఉన్నాను. ఇక్కడ బస్సులో పక్కన కూర్చున్నావిడ ‘ఏ ఊరు, మీరేవాళ్ళు?’ అని అడుగుతుంది. అక్కడ కాగితాల మీద నేను ‘ఏషియన్ ఇండియన్’ని. ఆ గడి 1980 జనగణనలో చేరింది. ఊరూ, భాషా, ఇంటిపేరూ పోయి ఒక్క గడిలో మిగలడం ఎవరికైనా వెలితిగానే ఉంటుంది. ఆ వెలితి తీరడానికి తెలుగువాళ్ళ కూడికలకు వెళ్తాం. అక్కడ మళ్ళీ అదే ప్రశ్న, కాస్త మర్యాదగా: ‘కృష్ణా జిల్లాలో ఎక్కడండీ? ఇంటిపేరేమిటి?’ 2023లో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ శాసనం చెయ్యాల్సి వచ్చిందంటే, మన సామానుతో పాటు ఏం వెళ్ళిందో అర్థం చేసుకోవచ్చు.

నేను గమనించిందేమిటంటే, పరాయి దేశంలో తెలుగుతనాన్ని కొత్తగా ఏరి కూర్చుకుంటారు. కొన్ని ఉంచుకుంటారు, కొన్ని వదిలేస్తారు. ఈ ఏరడం ఎక్కువగా మగవాళ్ళది, మోయడం ఆడవాళ్ళది. మగవాడు ఆఫీసులో అమెరికన్‌గా ఉంటే అది అభివృద్ధి. పండక్కి పట్టుచీర, పూటపూటా పప్పూ పచ్చడీ, పిల్లల నోట తెలుగు మాత్రం ఆమె బాధ్యత. పిల్ల తెలుగు మాట్లాడకపోతే తప్పు తల్లి పెంపకానిదే.

పురుడు సంగతి చూడండి. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఇప్పుడు పుట్టిల్లే విమానమెక్కుతోంది. తల్లి శొంఠిపొడి, కారప్పొడి, సున్నుండలు కట్టుకుని వెళ్ళి ఆరు నెలలుంటుంది. వీసా గడువు కాగానే అత్తగారు దిగుతుంది. కారు నడపడం రాదు, పలకరించే మనిషి ఉండదు, పని మాత్రం తెల్లవారుజాము నుంచీ ఉంటుంది. అమ్మమ్మ, నాయనమ్మల జీతం లేని చాకిరీ మీద ఒక తెలుగిల్లు నిలబడుతోంది. దీన్ని మనం మమకారం అంటాం. మమకారమే, కానీ శ్రమ కూడా.

మరో ఉదాహరణ మన మొవ్వ మండలంలోని కూచిపూడి. తరతరాలుగా అక్కడ స్త్రీ వేషాలు మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషానికి పేరు పొందారు. వేంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిలకు నేర్పారు. ఇవాళ అమెరికాలో ఆడపిల్ల తెలుగుతనానికి ఆ నాట్యమే గుర్తు. పిల్లలు నాట్యం నేర్చుకోవడం సంతోషమే. అయితే తరాల తరబడి ఆడి పాడిన కళావంతుల స్త్రీలకు 1947 మద్రాసు చట్టంతో గుడిలో ఆట మూసేశారు. కూర్చుకున్న సంస్కృతిలో వాళ్ళ పేరు ఎక్కడా వినపడదు.

ఇక హక్కుల సంగతి. భర్తది హెచ్-1 వీసా అయితే భార్యది హెచ్-4. 2015 మే దాకా ఆ వీసా మీద ఆమెకు ఉద్యోగం చేసే హక్కు లేదు. తర్వాత కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటిన వాళ్ళకే ఇచ్చారు. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి, కట్నమిచ్చి వెళ్ళిన అమ్మాయి, చేతిలో డాలరు లేకుండా ఇంట్లో కూర్చుంటుంది. ‘మన ఆడవాళ్ళు ఇల్లు చూసుకుంటారు’ అన్న మాట వీసా నిబంధనకు తోడవుతుంది. భర్త కొడితే పోలీసులకు చెప్పకూడదు, తెల్లవాళ్ళ ముందు మన పరువు పోతుందట. ఆ పరువు లెక్కలో ఆమె దెబ్బలుండవు.

1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒకాయన మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో ఇక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పెళ్ళికి వర్తించే మన చట్టంలో లేని కారణంతో, భార్య తన ఇష్టంతో ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో తీర్పు వచ్చింది. ఈ తీర్పును ప్రతి కార్యకర్తా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు రెండో ఇంటికి వద్దాం. కువైట్‌లో ఇంటిపని చేసే మనిషి వీసా యజమాని చేతిలో, అంటే కఫీల్ చేతిలో ఉంటుంది. వారానికో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని అక్కడ 2015లో చట్టం చేశారు. కానీ నాలుగు గోడల మధ్య గంటలు లెక్కపెట్టేదెవరు? ఆమె కూడా భాష, బట్ట, తిండి అన్నీ మార్చుకుంది. అరబ్బీ నేర్చుకుంది. కానీ ఆమె తెలుగుతనం గురించి ఏ మహాసభలోనూ చర్చ ఉండదు. అమెరికా కోడలు ఊరికొస్తే చుట్టాలు హారతిస్తారు. కువైట్ నుంచి వచ్చినామెను ‘అక్కడేం చేసొచ్చిందో’ అంటారు. ఆమె పంపిన డబ్బుతో శ్లాబు వేసిన ఇంట్లో కూర్చునే అంటారు.

అందుకని నా విన్నపాలు మూడు. విదేశీ సంబంధమైతే 2002 చట్టం ప్రకారం పెళ్ళి రిజిస్టరు చేయించండి. వరుడి పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగం కాగితాల నకళ్ళు పుట్టింట్లో ఉంచండి. గల్ఫ్ వెళ్ళే స్త్రీకి ఒప్పందం చదివి వినిపించి, ఆమె నకలు కూడా ఇంట్లో పెట్టించండి. మూడోది, సంస్కృతి పేరు ఎవరెత్తినా, దాన్ని నిలబెట్టే పని ఎవరు చేస్తున్నారో, అందులో మాట చెప్పే హక్కు వాళ్ళకుందో లేదో అడగండి.

తెలుగుతనం వద్దని నేననను. పరాయి గడ్డ మీద అమ్మభాష ఎంత ఆసరానో నాకు తెలుసు. ఆ ఆసరా కువైట్ వంటింట్లో ఉన్నామెకూ, హెచ్-4 మీద కూర్చున్నామెకూ కూడా దొరకాలి. వాళ్ళిద్దరూ కలిసి మాట్లాడుకునే చోటు మన సంఘాలే కల్పించాలి. మీ అనుభవాలు వినడానికి ఎదురుచూస్తున్నాను.